మూడు జతల చేతులు

శ్రుతి లంగా అంచు ఒక పక్క లేస్తోందని మొట్టమొదట కనిపెట్టింది వీధి చివర బట్టలు కుట్టే సీతారావమ్మ.

"కొలత తప్పలేదమ్మా ఇందుమతీ. రెండుసార్లు విప్పి కుట్టాను. తేడా నా కత్తెరలో లేదు, పిల్ల నడుంలో ఉంది," అంది.

అది రెండువేల మూడు, ఎండాకాలం సెలవులు. శ్రుతికి పదకొండు నిండి నెలైంది. తల్లి ఆమెను గుమ్మంలో నిలబెట్టి చూసింది. కుడి భుజం ఎడమ దానికంటే రవ్వంత ఎత్తుగా ఉంది. ఇన్నాళ్ళూ పుస్తకాల సంచీ మోత వల్ల అలా నిలబడుతోందనుకుని, "సరిగ్గా నించోవే" అని కసురుతూ వచ్చింది.

తండ్రి భరద్వాజ తెనాలిలో ఒక కాలేజీలో సంస్కృతం లెక్చరరు. తర్కశాస్త్రం ఆయనకి ప్రాణం. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైనా కారణం, కార్యం, ప్రమాణం అని మూడు ముక్కలు చేసి మాట్లాడేవాడు. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఇందుమతి పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయనతో వాదించి గెలిచింది లేదు.

ఎవరో చెప్తే పిల్లని ఏసుబాబు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏసుబాబుది ఈపురుపాలెం. ఫిజియోథెరపీ చదివి, తెనాలిలో మందుల షాపు పైన ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. అతను శ్రుతిని రెండు అరచేతులూ జోడించి కాలివేళ్ళ వైపు వంగమన్నాడు. వంగగానే వీపు కుడి వైపు చిన్న మూపురంలా లేచింది.

"అమ్మా, మీరొచ్చి ఇక్కణ్ణుంచి చూడండి," అని ఇందుమతిని పిలిచి చూపించాడు. పిల్లని బయట కూర్చోబెట్టి, అప్పుడు చెప్పాడు. "ఇది కూర్చునే తీరు వల్ల వచ్చింది కాదు సార్. వెన్నెముకే పక్కకి తిరుగుతా ఎదుగుతోంది. గుంటూరెళ్ళి ఎక్స్‌రే తీయించండి. బెల్టు వేస్తే ఇంకా పెరక్కుండా ఆగే అవకాశం ఉంటది. ఎదిగే వయసు దాటేదాకా వెయ్యాలి."

"మరి నువ్వేం చేస్తావు?" అన్నాడు భరద్వాజ.

"వ్యాయామం నేర్పిస్తాను. కండ బలపడుద్ది. అంతేనండి. నా చేతులతో వంకర పోదు. ఎవరి చేతులతోనూ పోదు."

మెట్లు దిగుతూ భరద్వాజ నవ్వాడు. "తన విద్య పనికిరాదని తనే చెప్పుకునేవాణ్ణి ఇతన్నే చూశాను."

ఇందుమతికి నవ్వు రాలేదు. అలా చెప్పుకున్నవాడి మాటే నమ్మాలనిపించింది ఆవిడకి. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు.

గుంటూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే మీద గీతలు గీసి, వంకర ఇరవైనాలుగు డిగ్రీలన్నాడు. స్నానం వేళ తప్ప రాత్రీ పగలూ బెల్టు వెయ్యాలి, దాదాపు మూడేళ్ళు, నాలుగు నెలలకోసారి తీసుకొచ్చి చూపించాలి అన్నాడు. ఆ బెల్టు ఎలా ఉంటుందో చూపించాడు కూడా. చంకల కింద నుంచి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ డొల్ల.

"వేసేద్దామండి," అంది ఇందుమతి, తిరుగు బస్సులో.

"ఆ డొప్పలో పిల్లని మూడేళ్ళు బిగించేముందు వేరే దారులున్నాయేమో చూడొద్దూ?"

"ఇద్దరూ అదే చెప్పారు కదండీ."

"ఇద్దరిదీ ఒకే శాస్త్రం. ఒకే పుస్తకం చదివినవాళ్ళిద్దరు ఒకే మాట చెప్తే ఇద్దరు సాక్షులెలా అవుతారు?"

కిటికీ పక్కన కూర్చున్న శ్రుతిని ఎవరూ ఏమీ అడగలేదు.

భరద్వాజ చెడ్డ తండ్రి కాడు. కూతురంటే పంచప్రాణాలు. నిజానికి అంత ప్రేమ వల్లే ఆయన ఆ వంకరని ఒక సిద్ధాంతంలా పట్టుకుని కూర్చున్నాడు. చేతులతో చేసే వైద్యాలు ఈ చుట్టుపక్కల మూడు రకాలున్నాయని వాకబు చేశాడు. తెనాలిలో వ్యాయామం, బాపట్లలో నూనె మర్దన, రేపల్లెలో ఎముకలు సర్దడం. ఒక్కోదానికి మూడు నెలల గడువిచ్చి, ఏది నిలబడుతుందో తేల్చాలనుకున్నాడు. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే ఇత్తడి గుండూ, దారమూ కొని తెచ్చాడు. ప్రతి ఆదివారం పొద్దున్న శ్రుతిని వెనుక వసారా గోడకి ఎదురుగా నిలబెట్టి, మెడ వెనక ఎముక దగ్గర దారం పట్టుకుని గుండు వదిలేవాడు. నడుం దగ్గర జాకెట్టు మీద ఇందుమతి చుక్క పెట్టేది. దారం ఆ చుక్కకి ఎన్ని వేళ్ళు పక్కగా పడిందో కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు.

మొదటి మూడు నెలలూ ఏసుబాబు వ్యాయామాలు. శ్రుతి చాప మీద పడుకుని కాళ్ళెత్తేది, పక్కకి తిరిగి చెయ్యి చాచేది. ప్రతి ఆదివారం దారం రెండు వేళ్ళు పక్కగానే పడింది. "మార్పు లేదు" అని రాసుకున్నాడు. మార్పు ఉండదని ఏసుబాబు ముందే చెప్పిన సంగతి ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆయన ఎవరికీ చెప్పుకోనిది ఇంకోటుంది. ఏసుబాబు పిల్ల వీపు మీద చెయ్యి వేసి వెన్ను తడిమి చూస్తున్నప్పుడల్లా భరద్వాజ చూపు గోడ మీద శిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు మీదికి పోయేది. ఇంటికి రాగానే, "వీపు కడుక్కో అమ్మా, చెమట పట్టి ఉంటుంది," అనేవాడు. బాపట్ల నుంచి ఒళ్ళంతా నూనె జిడ్డుతో వచ్చిన రోజున మాత్రం ఆ మాట అనలేదు.

బాపట్లలో చెంచురామయ్యకి డెబ్బై దాటాయి. అరుగు మీద నులకమంచం వేసి, వెచ్చబెట్టిన నూనె బొటనవేళ్ళతో వెన్ను పొడవునా పట్టించేవాడు. మొరటు వేళ్ళే కానీ ఎక్కడ నొప్పి ఉందో వాటంతటవే వెళ్ళి ఆగేవి. శ్రుతికి ఆ ఇల్లు నచ్చింది. మర్దన మధ్యలోనే నిద్రపోయేది. మూడు నెలలు తిరిగేసరికి దారం ఒకటిన్నర వేళ్ళకి వచ్చింది.

"మీ చెయ్యి పనిచేస్తోంది, చెంచురామయ్యగారూ," అన్నాడు భరద్వాజ ఉత్సాహంగా.

ముసలాయన చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "పిల్ల హాయిగా నిద్రపోతోందా? అదే నా వైద్యం పంతులుగారూ. నొప్పి తీస్తాను. ఒంట్లో బిగువు తీస్తాను. వంకర సంగతి నాకు తెలీదు బాబూ, నన్నడక్కండి."

భరద్వాజ నిరుత్సాహపడ్డాడు. నయమవుతుందని చెప్పే మనిషి కోసం ఆయన చెవులు వెతుకుతున్నాయి. ఆ మనిషి రేపల్లెలో దొరికాడు.

సంజీవరావు కొన్నాళ్ళు దుబాయిలో ఉండి వచ్చాడు. రేపల్లె స్టేషనుకి నాలుగడుగుల్లో పెద్ద హాలు, ఏసీ, కొక్కేనికి వేలాడుతూ ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ. శ్రుతిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒక పక్కకి, తుంటి ఒక పక్కకి తిప్పి ఒక్క ఉదుటున నొక్కేవాడు. ఎముకలు టకటకమనేవి. ఆ చప్పుడు విని ఇందుమతి కళ్ళు మూసుకునేది. భరద్వాజ మొహం వెలిగేది.

"విన్నారా మాస్టారూ? అదే, ఎముక దాని చోటుకి చేరిన చప్పుడు," అనేవాడు సంజీవరావు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నారు పెద్దలు. సరైన వయసులో తెచ్చారు. ఎక్స్‌రేలు మాత్రం మాటిమాటికీ తీయించకండి, పిల్లలకి మంచిది కాదు."

మొదటి రోజు బల్ల దిగి నిలబడిన కూతుర్ని భరద్వాజ చుట్టూ తిరిగి చూశాడు. భుజాలు సమానంగా ఉన్నాయి. ఆ ఆదివారం దారం ఒక వేలు మాత్రమే పక్కకి పడింది. నెల తిరిగేసరికి అర వేలు.

మూడు నెలలన్నది ఆరైంది, ఏడాదైంది. శనివారం కాలేజీ అవగానే ముగ్గురూ రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్ళు. గుంటూరు డాక్టరు చెప్పిన నాలుగు నెలల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇందుమతి రెండుసార్లు గుర్తుచేసింది. "కళ్ళెదుట కనిపించేది ప్రత్యక్ష ప్రమాణం. దాన్ని కాదని ఫోటో తీయించుకుంటామా?" అన్నాడాయన. ఆవిడ ఊరుకుంది.

రెండో ఏడు ఆయన తన పరిశీలన అంతా ఎనిమిది పేజీల చిన్న పుస్తకంగా రాసి, తెనాలిలోనే అచ్చు వేయించాడు. మూడు వైద్యాలనీ పక్కపక్కన పెట్టి, కొలతలతో సహా వివరించాడు. తెనాలి వ్యాయామంతో మార్పు లేదు. బాపట్ల మర్దనతో సుఖం, కొద్దిపాటి మార్పు. రేపల్లె పద్ధతితో చెప్పుకోదగ్గ మార్పు. చివర పేరు, చదువు, ఉద్యోగం. అయిదువందల ప్రతుల్లో సగం సంజీవరావే పట్టుకెళ్ళాడు.

రెండువేల ఆరు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇందుమతి కూతురికి తలంటు పోస్తోంది. శ్రుతికి పద్నాలుగు దగ్గర పడుతోంది, పెద్దమనిషై రెండేళ్ళు దాటింది. కొంతకాలంగా తన స్నానం తనే చేస్తోంది. ఆ రోజు మోచెయ్యి బెణకడంతో తల్లిని పిలిచింది. సీకాయ కడగడానికి పిల్ల ముందుకి వంగింది. చెంబు ఎత్తిన ఇందుమతి చెయ్యి అలాగే ఆగిపోయింది. కుడి వైపు పక్కటెముకలు బోర్లించిన చేటలా లేచి ఉన్నాయి. ఎడమ వైపు గుంట.

మర్నాడు ఆయన కాలేజీకి వెళ్ళగానే కూతుర్ని బడి మాన్పించి ఏసుబాబు గదికి తీసుకెళ్ళింది. అతను చూశాడు. ఇన్నాళ్ళూ ఏమయ్యారని అడగలేదు.

"ఇవాళే గుంటూరెళ్ళండమ్మా," అన్నాడు.

నలభై ఎనిమిది డిగ్రీలు. ఎదుగుదల చాలావరకు అయిపోయింది కాబట్టి ఇక బెల్టుతో పని జరగదన్నాడు డాక్టరు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి కడ్డీలు వెయ్యాలి. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల మీద పడొచ్చు. "మొదట్లో బెల్టు వేసుంటే?" అని అడిగింది ఇందుమతి. "అందరికీ ఆగుతుందని చెప్పలేం. చాలామందికి ఆగుతుంది," అన్నాడాయన. ఈ అమ్మాయి ఏ లెక్కలోకి వచ్చేదో ఇక ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం భరద్వాజ ఆ ఎక్స్‌రేని కిటికీకి పెట్టి చూసి, "ఇది మన పిల్లది కాదు. మార్చేసి ఉంటారు," అన్నాడు. నోటుపుస్తకం తెచ్చి నిన్నటి పేజీ తీశాడు. "అర వేలు! నా చేత్తో కొలిచింది. రా శ్రుతీ, నించో."

శ్రుతి వెళ్ళి గోడకెదురుగా నిలబడింది. ఆయన దారం వదిలాడు. అర వేలు.

"చూడవే! ఏమంటావిప్పుడు?"

ఆయన అడిగింది ఇందుమతిని. శ్రుతే అంది, మొహం గోడ వైపే ఉంచి.

"నాన్నగారూ, ఇప్పుడు మామూలుగా నించుంటాను. చూడండి."

అని ఊపిరి వదిలింది. ఎత్తిపట్టిన ఎడమ భుజం జారింది. లోపలికి లాక్కున్న నడుం పక్కకి ఒరిగింది. దారం చుక్కకి ఇంకా దూరం జరిగి ఒక వేలు, రెండు, మూడు దాటి నాలుగు వేళ్ళ అవతల ఆగింది.

"ఎప్పట్నించి?" అన్నాడు భరద్వాజ.

"బాపట్ల వెళ్ళినప్పట్నించీ కొంచెం కొంచెం. రేపల్లె వెళ్ళాక అద్దంలో చూసి నేర్చుకున్నాను."

"ఎందుకమ్మా?"

"తగ్గని రోజు మీరు అమ్మ మీద కేకలేసేవారు. తగ్గితే ఆ రోజంతా బావుండేవారు. తగ్గిపోతే ఇక ఎక్కడికీ తిప్పరనుకున్నాను. తగ్గేసరికి ఇంకా తిప్పారు," అంది.

భరద్వాజ గుండు చేత్తో పట్టుకునే అక్కడే కింద కూర్చున్నాడు. తర్వాత చాలాసేపటికి, "నాకు చెప్పొచ్చు కదా తల్లీ," అన్నాడు. శ్రుతి అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ శనివారం ఆయన ఒక్కడే రేపల్లె వెళ్ళాడు. దారి పొడవునా సంజీవరావుని అనాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ఎక్స్‌రే బల్ల మీద పెట్టగానే సంజీవరావు దాన్ని నిదానంగా చూశాడు. చెమట పట్టలేదు, తడబడలేదు.

"పాపం, పెరిగిందే. కానీ మాస్టారూ, వెన్నెముక నిటారుగా చేస్తానని నేను రాసిచ్చానా? ఎముక చోటుకి చేరుద్దన్నాను. చేరింది. మళ్ళీ జారితే నేనేం చెయ్యను? కొలతలు తీసింది మీరు. పుస్తకం రాసింది మీరు."

గోడకి ఆ ఎనిమిది పేజీలూ ఫ్రేము కట్టి ఉన్నాయి. భరద్వాజ చివరి పేజీలో తన పేరు చదువుకున్నాడు. ఎవరి మీదికి యుద్ధానికొచ్చాడో ఆ మనిషి చేతిలో ఉన్న కత్తి తనిచ్చిందే.

బయటి బెంచీ మీద ఒక రైతు కుటుంబపు ఆవిడ, పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చున్నారు. పిల్ల భుజం ఒకటి కొంచెం కిందికి వాలి ఉంది. ఆవిడ చేతిలో ఆయన పుస్తకం.

"ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?"

"పిట్టలవానిపాలెమండి. నా పేరు అంకమ్మ. ఇది మా తేజస్వి. ఎవరో తెనాలి మాస్టారంట, బాగా చదువుకున్నాయన, అన్నీ చూసి రాశారంట. అందుకే ఇక్కడికొచ్చాం."

"ఆ మాస్టారుని నేనే. నేను రాసింది తప్పమ్మా. పిల్లకి ముందు ఎక్స్‌రే తీయించండి. తెనాలిలో ఏసుబాబని ఉన్నాడు, అతని దగ్గరికి..."

అంకమ్మ పుస్తకం తిరగేసి చూసింది. "తెనాలాయన దగ్గర మార్పు లేదని మీరే రాశారు కదండీ?"

లోపల్నుంచి సంజీవరావు వచ్చాడు. "మాస్టారింట్లో అమ్మాయికి బాలేదమ్మా, మనసు బాలేదాయనకి. మీరు లోపలికి రండి," అన్నాడు మెత్తగా. అంకమ్మ జాలిగా ఆయన వంక చూసి, పిల్లని తీసుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి టకటకమన్న చప్పుడు వినిపించింది.

మే నెలలో హైదరాబాదులో శ్రుతికి ఆపరేషన్ అయింది. రెండు కడ్డీలు, పద్దెనిమిది మరలు. వంకర మూడొంతుల్లో రెండొంతులు తగ్గింది. పిల్ల రెండంగుళాలు పొడుగైంది. నడుం పైభాగం మాత్రం ఇక వంగదు. కింద పడిన పెన్సిలు తియ్యాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆపరేషన్ థియేటరులోకి తీసుకెళ్ళేముందు భరద్వాజ కూతురి తల నిమరబోతే, ఆమె మొహం తిప్పుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. కోపంగా ఒక్క మాట అనలేదు. అంటే బావుండుననిపించింది ఆయనకి.

తెనాలి వచ్చాక నడక, కండబలం కోసం వారానికి మూడు రోజులు ఏసుబాబు దగ్గరికి వెళ్ళాలి. తల్లీ కూతుళ్ళు వెళ్ళేవాళ్ళు. ఒకరోజు వాళ్ళు వెళ్ళిపోయాక భరద్వాజ ఆ మెట్లెక్కాడు.

"ఏసుబాబూ, నీ మాట నేను వినలేదు. విననిది చిన్నవాడివని కాదు, అనుభవం లేదని కాదు. నువ్వు..." అని, క్యాలెండరు వైపు చూసి, పూర్తి చెయ్యలేకపోయాడు.

"తెలుసు సార్," అన్నాడు ఏసుబాబు దుప్పటి మడతపెడుతూ. "చెయ్యి వేసినప్పుడు మీరు చూసే చూపు మొదటి రోజే చూశాను. నాకు అలవాటే."

"క్షమించమని అడగడానికొచ్చాను."

"నాకు క్షమాపణ తెచ్చేకంటే ఆ పిట్టలవానిపాలెం పిల్లని తెచ్చుంటే బాగుండేదండి. మీరు ఇంట్లో చెప్పుకున్నారంట, అమ్మగారు చెప్పారు ఆ పిల్ల గురించి. ఆ పిల్లకింకా వయసుంది."

ఆ మాట పట్టుకుని మరుసటి ఆదివారం భరద్వాజ పిట్టలవానిపాలెం వెళ్ళాడు. అంకమ్మ భర్త వెంకట్రామయ్య నాట్లు వేయించి అప్పుడే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మాస్టారికి కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాడు. అంతా మర్యాదగా విన్నాడు. రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చూశాడు.

"మీరు పెద్దవారు మాస్టారూ. కష్టంలో ఉన్నారు. కానీ ఒకటడుగుతాను, ఏమనుకోకండి. రేపల్లె వెళ్ళొచ్చిన రోజు మా పిల్ల కళ్ళెదురుగా తిన్నగా నించుంటంది. కళ్ళకి కనపడేదాన్ని కాదని ఫోటోని నమ్మమంటారా?"

ఆ వాక్యం భరద్వాజకి తెలుసు. దానికి ఖండన ఏదో కూడా ఇప్పుడు తెలుసు. చెప్పాడు. పిల్లలు తండ్రి కోసం ఎలా నిలబడతారో చెప్పాడు. కూతురు అన్న మాటలు, తను సిగ్గుపడి ఎవరికీ చెప్పనివి, ముక్క ముక్కా చెప్పాడు. వెంకట్రామయ్య ఓపిగ్గా విని, "మా తేజస్వి అట్టా నటించే పిల్ల కాదండి," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అంకమ్మ, "పోనీ ఒక్కసారి ఎక్స్‌రే..." అనబోయింది.

"నీకేం తెలుసు? ఊరుకో," అన్నాడు భర్త.

ఆవిడ ఊరుకుంది. గడప మీద కూర్చుని ఉన్న తేజస్వి తండ్రి గొంతు వినగానే వీపు నిటారుగా చేసుకుంది. భరద్వాజ అది చూశాడు. వెంకట్రామయ్య కూడా చూశాడు, చూసి సంతోషంగా నవ్వాడు.

"చూశారా మాస్టారూ?" అన్నాడు.